డ్రాగన్ పారాయణం

మొన్న ఇక్కడ సింగపూర్‌లో మనవాళ్ళ ఉగాది భోజనాల దగ్గర పులిహోర కోసం వరసలో నిలబడి ఉండగా నా వెనక ఎవరో అన్నారు, "డ్రాగన్ల ఆవిడ పోయిందట, విజయనగరంలో" అని. ఎవరావిడ అని ఇంకొకరు అడిగారు. "అదేనండీ, కంప్యూటర్ల బూమ్ రోజుల్లో బుకిట్ పంజాంగ్‌లో ఉండేది. పిల్లల పుస్తకాలు చదివీ చదివీ మతి చెడి మొగుణ్ణి వదిలేసి పోయింది" అని జవాబు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను ప్లేటు బల్ల మీద పెట్టేసి ఇంటికి వచ్చేశాను.

ఒక మనిషి బతుకు పులిహోర వరసలో ఒక్క వాక్యంగా తేలిపోవడం నాకు నచ్చలేదు. పోనీ ఆ వాక్యమైనా నిజమా అంటే, అందులో నిజం ముక్క లేదు. అవి పిల్లల పుస్తకాలు కావు. ఆవిడకు మతి చెడలేదు. ఇక వదిలేసి పోవడం సంగతి చెప్పడానికే ఈ వయసులో కళ్ళు చికిలించుకుని కూర్చున్నాను.

పేరు రాయను. ఇక్కడున్నన్నాళ్ళూ ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ఫలానావారి మిసెస్ అనేవారు. ఇప్పుడు నేను పేరు రాసి ఉద్ధరించేదేముంది.

నా సంగతి కూడా కాస్త చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నేను ఇక్కడికి వంతెన అవతల, మలేసియా వైపున్న జొహోర్‌లో రబ్బరు తోటలో పుట్టాను. అమ్మా నాన్నా శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు చెట్లు గీయడానికి వచ్చిన కూలీలు. నాకు బడి అంటే పెద్దగా తెలియదు. తెలుగు అక్షరాలు నాన్న బూడిదలో వేలితో రాసి చూపించాడు. ఇంగ్లీషు వేరుశనగ పొట్లాల కాగితాల మీద నేనే నేర్చుకున్నాను. సింగపూర్ వచ్చి ఓడల యార్డులో వెల్డింగు చేసి, రిటైరై, బుకిట్ పంజాంగ్ ఫ్లాటులో ఒక్కణ్ణే ఉంటూ లైబ్రరీలో చరిత్ర పుస్తకాలన్నీ ఒక వైపు నుంచి చదువుకొస్తున్నాను. అప్పుడు దిగారు కంప్యూటర్ల వాళ్ళు. సంవత్సరం అంకె మారితే లోకంలో యంత్రాలన్నీ ఆగిపోతాయని అందరూ భయపడ్డ రోజులవి. గుంటూరు నుంచి, హైదరాబాదు నుంచి కుర్రాళ్ళు విమానాల నిండా వచ్చారు. నా తెలుగులో తమిళమూ మలయ్ మాటలూ దొర్లుతాయని నవ్వేవారు. "అంకుల్, మీరు కూలీ బ్యాచా?" అని అడిగాడొకడు. అవును నాయనా, నువ్వూ అంతే, కాకపోతే నీ మెడలో కార్డు వేలాడుతోంది అన్నాను.

మా కారిడార్‌లో చివరి ఫ్లాటుకు అలాంటి జంటే వచ్చింది. ఒక పొద్దున లిఫ్టు పాడైతే మెట్లెక్కి వస్తూ దాన్ని తెలుగులో తిట్టుకుంటున్నాను. చివరి ఇంటి ఇనపగేటు వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఏటి అంకుల్, ఎవులనలా తిడతన్నారు?"

ఏటి. మా అమ్మ పోయాక ఆ మాట నా చెవిన పడలేదు. కాళ్ళు వాటంతటవే ఆగాయి.

గేటు లోపలి చెక్క తలుపు తీసి నిలబడి ఉంది. ముప్పై దాటి ఉంటాయి. కళ్ళజోడు, నలిగిన నూలుచీర, చేతిలో మందపాటి పుస్తకం, పేజీల మధ్య చూపుడువేలు. ఆ వేలు మాట్లాడేటప్పుడు కూడా పుస్తకంలోంచి తీసేది కాదు, తీస్తే లోపలివాళ్ళు వెళ్ళిపోతారన్నట్టు. నా చంకలో ఉన్నదేమిటని అడిగింది. రబ్బరు వ్యాపారం చరిత్ర అన్నాను. అందులో డ్రాగన్ ఉందా అంది. లేదన్నాను. "మరి చివరికంటా ఎలా చదువుతారు?" అంది, నిజంగానే జాలిపడి.

అప్పుడు చూశాను. గేటుకు తాళం బయటినుంచి వేసి ఉంది.

తాళంచెవి ఆయన పట్టుకెళ్తారని, రెండోది పోయిందని చెప్పింది. తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు, అదే గొంతుతో. అసలు సంగతి కొన్నాళ్ళకు గాని బయటపడలేదు. వచ్చిన కొత్తలో ఆమె ఒంటరిగా రైలెక్కి వుడ్‌ల్యాండ్స్ దాకా వెళ్ళి, జొహోర్‌కు పోయే వంతెన దగ్గర సాయంత్రం దాకా నిలబడిందట. "మనుషులు ఒక దేశంలోంచి ఇంకో దేశంలోకి కూరగాయల సంచి పట్టుకుని నడిచిపోతన్నారంకుల్. అలా చూస్తా ఉండిపోయాను." ఇంటికొచ్చేసరికి భర్త వణికిపోతున్నాడు. ఆ మర్నాడే రెండో తాళంచెవి పోయింది.

ఆమె విజయనగరంలో ఒక కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు. సెలవు పెట్టి వచ్చింది. జూన్‌లో కాలేజీ తెరిచే వేళకు వెళ్ళి సంతకం పెట్టకపోతే ఉద్యోగం పోతుంది. భర్త పంపనన్నాడు. పాస్‌పోర్టు అతని బీరువాలో ఉంది. పోలీసులకు చెప్తానని నేను ఎగిరాను. వద్దంది. పోలీసులొస్తే అతని ఉద్యోగం పోతుంది, తనకేమో వాంగ్మూలాలూ వాయిదాలూ మొదలవుతాయి, ఈలోగా జూన్ దాటిపోతుంది. "నాకు కేసు వద్దంకుల్, క్లాసు కావాలి" అంది.

మా ఊళ్ళో అప్పుడే చిన్న రైలు వేశారు. గాలిలో, ఇళ్ళ పక్కనుంచి పోయే రైలు. ఇళ్ళ దగ్గరికి వచ్చేసరికి దాని కిటికీ అద్దాలు వాటంతటవే మసకబారిపోతాయి, ఎవరి ఇంట్లోకీ తొంగిచూడకుండా. గొప్ప ఏర్పాటని పేపర్లన్నీ పొగిడాయి. ఆమె వంటింటి కిటికీకి ఎదురుగా పోయేది ఆ రైలు. వస్తున్నంతసేపూ మొహాలు కనిపించేవి, ఇంటి ముందుకొచ్చేసరికి తెల్లగా అయిపోయేది. "నన్ను చూడొద్దని రైలుక్కూడా చెప్పీసారు" అని నవ్వేది. నాకు నవ్వు రాలేదు.

ఇక ఆమె పిచ్చి గురించి. దాన్ని పిచ్చి అనే అంటున్నాను, నేను అంటే తప్పులేదు. గేటు ముందు నిలబడ్డ ఏ మనిషికైనా ఆమె డ్రాగన్ నవల చెప్పి పంపేది. ముందు కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచేది. తర్వాత ఒకటే ప్రశ్న. మీకిప్పుడు పారిపోవాలనుందా, తగలబెట్టాలనుందా, కాపలా కాయాలనుందా? డ్రాగన్లు అంతకుమించి ఏమీ చేయవట. ఎగిరిపోయేవీ, మంట పెట్టేవీ, దేనిమీదో చుట్టుకుని పడుకునేవీ. జవాబు విని, నాడి చూసే వైద్యుడిలా కాసేపు కళ్ళు మూసుకుని, ఫలానా పుస్తకం అనేది. మూడో భాగం జోలికి పోవద్దు, ఆ రచయితకు అప్పటికే ఓపిక అయిపోయింది, అని పథ్యం కూడా చెప్పేది.

నీళ్ళ ఫిల్టర్లు అమ్మే చైనా కుర్రాడొకడు వచ్చాడు. ఫిల్టరు అమ్మలేకపోయాడు గాని పుస్తకం పేరు పట్టుకుపోయాడు. కొన్ని వారాల తర్వాత టై కట్టుకుని మళ్ళీ వచ్చి గేటు ముందు నిలబడ్డాడు. "సిస్, బుక్ టూ గాట్ ఆర్ నాట్?" అని రెండో భాగం ఉందేమో అడిగాడు. ఫిల్టరు సంగతి ఎత్తనేలేదు.

నేను లైబ్రరీ నుంచి తెచ్చిచ్చేవాణ్ణి. చిక్కేమిటంటే గేటు ఊచల సందు సన్నం. డ్రాగన్ల పుస్తకాలు ఇటుకల్లా ఉంటాయి. లైబ్రరీ పుస్తకం సందులో పట్టకపోతే వెనక్కి ఇచ్చేసి, పాత పుస్తకాల కొట్టులో అదే కొనుక్కొచ్చేవాణ్ణి. ఆమె చెప్పిన చోట నేను కారిడార్‌లో కూర్చుని కత్తితో వీపు కోసి ముక్కలు చేసి అందించేవాణ్ణి. కథ ఎక్కడ తెగాలో ఆమెకు తెలుసు. ఈ అధ్యాయం మధ్యలో కోయకండి, వాళ్ళు ఇంకా సొరంగంలో ఉంటారు, అనేది. లోపల కూర్చుని ఆ ముక్కల్ని మళ్ళీ దారంతో కుట్టుకునేది.

నేను మాత్రం చాలాకాలం చదవలేదు. నిజాలు చదివేవాడికి కట్టుకథలెందుకని నా పొగరు. ఒకరోజు ఆ మాటే అన్నాను. ఆమె వేలు పుస్తకంలోనే ఉంచి నా వంక చూసింది.

"మీ చరిత్ర పుస్తకంలో మీ నాన్నగారి గురించి ఏం రాశారు?"

"కూలీలు వలస వచ్చారని."

"ఎవరు తెచ్చారో రాశారా?"

రాయలేదు. ఎక్కడో వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతుక్కోవాలి.

"డ్రాగన్ కథల్లో గొలుసు ఎవరు వేశారో మొదట్లోనే చెప్పీస్తారంకుల్" అంది.

ఆ రోజు పట్టుకెళ్ళాను మొదటి పుస్తకం. ఊరి ద్వారానికి కట్టేసిన డ్రాగన్ కథ. శత్రువులు వస్తారని కట్టేశారు. శత్రువులు ఎన్నడూ రాలేదు. తరాలు మారాయి. ఎందుకు కట్టారో మరిచిపోయి, గొలుసుకు ఏటేటా నూనె రాసి పండగ చేసుకుంటున్నారు. యార్డులో నేను అతికిన గొలుసులన్నీ గుర్తొచ్చి లేచి హాల్లో తిరిగాను. తెలుగులో దీని గురించి ఎవరికైనా రాద్దామని డ్రాగన్‌కు మాట వెతికితే చర్చివాళ్ళ ఘటసర్పం ఒక్కటే దొరికింది. ఆమెకు చెప్తే పడీపడీ నవ్వింది. ఘటసర్పం అంటే మా విజయనగరంలో కుండలో పాము అనుకుంటారు, డ్రాగన్ అనే రాయండి అంది. అందుకే అలాగే రాస్తున్నాను.

తాళం సంగతి మన తెలుగు పెద్దల చెవిన వేశాను. వారాంతంలో పిల్లలకు తెలుగు చెప్పించే పెద్దలు, స్త్రీమూర్తి మీద ఉపన్యాసాలిచ్చే పెద్దలు. ఒకాయన టీ తాగుతూ, అది వాళ్ళ ఇంటి విషయం కదండీ అన్నాడు. ఇంకొకాయన, ఆ అబ్బాయి చాలా మంచివాడు, సిగరెట్టు కూడా తాగడు అన్నాడు. నిజమే, మంచివాడే. నన్ను ఎప్పుడూ సార్ అనేవాడు. సన్నగా, భయంభయంగా ఉండేవాడు. కూరలు మోసుకొచ్చేవాడు. గేటు ముందు నిలబడి తాళం వేశానా లేదా అని లాగి లాగి చూసుకునేవాడు. ఆ లాగిన చప్పుడు మా ఇంట్లోకి వినిపించేది.

చైనావాళ్ళ కొత్త సంవత్సరం వచ్చింది. అది డ్రాగన్ ఏడు. ఆమె పక్కింటి చైనా ఆంటీ నారింజలూ, ఎర్రకాగితంతో కత్తిరించిన డ్రాగన్ బొమ్మా తెచ్చి ఆ భర్త చేతిలో పెట్టి, ఈ ఏడు పుట్టిన బిడ్డకు తిరుగుండదు, త్వరపడండి లా అంది, ఇక్కడివాళ్ళు ప్రతి మాట చివరా తగిలించే ఆ 'లా'తో. వాళ్ళకు పెళ్ళయి కొన్నేళ్ళు, పిల్లలు లేరు. ప్రతి ఆదివారం ఫోనులో అతని తల్లి అదే అడిగేది. మనవాళ్ళకు సంతానం అనగానే పాము గుర్తొస్తుంది. పుట్టలో పాలు పోస్తారు, రాతి నాగుల్ని ప్రతిష్ఠిస్తారు. అతను ఎర్రకాగితం బొమ్మ చూశాడు. భార్య చేతిలో పుస్తకం అట్ట చూశాడు. ఒకటే జంతువు, పడగకు బదులు రెక్కలు. ఇన్నాళ్ళూ ఆవిడ ఎందుకంత దీక్షగా చదువుతోందో అతనికి తెలిసిపోయింది.

ఆ సాయంత్రం నా తలుపు కొట్టాడు. చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, చిన్న డౌట్. మా మిసెస్ డ్రాగన్ పారాయణం చేస్తోంది కదా, పుస్తకాలు మీరే ఇస్తున్నారట. దానికి ప్రొసీజర్ ఏంటి సార్? మార్నింగ్ చేయాలా, ఈవినింగా?"

నేను జన్మలో దీపం వెలిగించినవాణ్ణి కాను. దేవుడి మీద నా అభిప్రాయాలు అచ్చేసే పత్రిక ఇంకా పుట్టలేదు. నవ్వు దాచుకోవడానికి దగ్గాను. దగ్గి, అబద్ధం చెప్పాను, హాయిగా చెప్పాను. రోజంతా చదవాలన్నాను. మూసిన ఇంట్లో చదివితే ఫలం రాదు, వాకిలి తెరిచి ఉండాలన్నాను.

అతను ఆలోచించాడు. ఎక్కడో తప్పు దొర్లిన అంకెను వెతికే చూపు.

"చెక్క తలుపు తీసి, గేటు లాక్ చేస్తే ఓకేనా సార్? గాలి వస్తుంది కదా."

అంతకుముందు అతను ఆఫీసుకు వెళ్ళాక దొంగచాటుగా తీసే తలుపు, మర్నాటినుంచి అతని ఎదుటే బార్లా తెరిచి ఉండేది. గేటు తాళానికి మాత్రం పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టాడు.

ఆ బొట్టు చూసి ఆమె చాలాసేపు నవ్వింది. ఊచలు పట్టుకుని, కళ్ళజోడు జారిపోయేలా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది.

"అంకుల్, పారాయణం అన్నాక ఉద్యాపన ఉండాలి కదా" అంది.

ఆ నెలల్లో ఆ గేటు దగ్గర మేం కల్పించినంత శాస్త్రం ఏ పురోహితుడూ కల్పించి ఉండడు. ఉద్యాపననాడు ముత్తయిదువలకు వాయనం ఇవ్వాలి. వాళ్ళ ఇళ్ళకు తనే నడిచి వెళ్ళాలి. వాయనంలో శనగలతోపాటు పారాయణ గ్రంథం ఉండాలి. వాయనం ఇచ్చేటప్పుడు మగవాళ్ళు చూడకూడదు. పరాయి దేశంలో చేస్తున్నారు గనుక దంపతులిద్దరి పాస్‌పోర్టులూ పసుపుగుడ్డలో చుట్టి పళ్ళెంలో, గ్రంథం కింద పెట్టాలి. ఇది విని అతను అభ్యంతరం చెబుతాడని నేను భయపడ్డాను. చెప్పలేదు. వీసా కోసం పాస్‌పోర్టు దేవుడి పాదాల దగ్గర పెట్టి ప్రదక్షిణాలు చేసి వచ్చినవాడే, అతనికి అది మామూలు సంగతి. ఒక్కటే నన్ను అడిగి రూఢి చేసుకున్నాడు. "వాయనం ఇచ్చాక వెళ్ళిన దారిన తిరిగి రాకూడదు అంటోంది, కరెక్టేనా సార్?" కరెక్టే, అదే ముఖ్యం అన్నాను.

మే నెల చివర, ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం, అతను సెలవు పెట్టి తాళం తీశాడు. ఆమె పట్టుచీర కట్టుకుంది. పళ్ళెం పట్టుకుని గడప దాటి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి గేటును బయటివైపు నుంచి చూసింది. మన ఫోటో ఎవరో తీసినప్పుడు చూసుకుంటామే, అలా. తర్వాత చైనా ఆంటీ గుమ్మంలోకి వెళ్ళింది. టిక్కెట్టు నా జేబులో ఉంది, కింద టాక్సీ ఆగి ఉంది. ఆమె మాత్రం ఆంటీకి పుస్తకం ఇచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, ఇది మొదట విసుగ్గా ఉంటుంది, నది దాటేదాకా ఓపిక పట్టండి, ఆ తర్వాత ఆపమన్నా ఆపలేరు, అని నింపాదిగా ఇంగ్లీషులో చెప్తోంది. నేను టిక్కెట్టున్న జేబు తడుముకుంటున్నాను. ఆంటీకి అంతా తెలుసు. ఆ పుస్తకం గుండెలకు హత్తుకుని, "గో లా, గో" అని మెల్లగా అంది.

రెండో వాయనం కారిడార్ అవతలి చివర ఉన్న మలయ్ ఆవిడకు. ఆ చివరా ఒక లిఫ్టు ఉంది. అతను ఈ చివర లిఫ్టు దగ్గర చెప్పుల్లేకుండా, గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. నేను మెట్లు దిగి కిందికి వెళ్ళాను.

టాక్సీలో కూర్చుని ఆమె నాకు దణ్ణం పెట్టలేదు, ఏడవలేదు. పసుపుగుడ్డ విప్పి తన పాస్‌పోర్టు తీసుకుని, అతనిది నా చేతిలో పెట్టింది. "చారు కాచి ఉంచాను, వేడి చేసుకోమనండి" అంది. పళ్ళెంలో మిగిలిన చివరి పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుంది. టాక్సీ మలుపు తిరిగేటప్పటికి పేజీల మధ్య వేలు పెట్టేసింది.

జూన్‌లో సంతకం పెట్టిందని, రిటైరయ్యేదాకా అదే కాలేజీలో పాఠం చెప్పిందని తర్వాత్తర్వాత అటునుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. లెక్చరర్ల గదిలో బంట్రోతు దగ్గర్నుంచి ప్రిన్సిపాలు దాకా అందరికీ డ్రాగన్లను అంటగట్టిందట. నాకు ఉత్తరాలేమీ రాయలేదు. ఎవరైనా ఇటు వస్తుంటే మాత్రం ఒక పుస్తకం పేరు చెప్పి పంపేది. అన్నీ కాపలా కాసే డ్రాగన్లవే.

ఆ మధ్యాహ్నం నేను పైకి వచ్చేసరికి అతను ఇంకా గోడవైపే తిరిగి ఉన్నాడు.

"అయిపోయిందా సార్? తిరగొచ్చా?"

తిరగమన్నాను. పాస్‌పోర్టు చేతికిచ్చాను. చారు సంగతి చెప్పాను. అతను తల ఊపి, కారిడార్ ఆ చివరికీ ఈ చివరికీ చూశాడు. తర్వాత మెట్లవైపు చూశాడు.

"వెళ్ళిన దారిన రాకూడదు కదా. మరి ఏ దారిలో వస్తుంది సార్?"

"ఏ దారీ లేదు బాబూ. తిరిగి రాకూడదనే ఆ మాటకు అర్థం."

అతను పాస్‌పోర్టును అటూ ఇటూ తిప్పి చూశాడు. గోడకు ఆనుకున్న నుదుటి మీద సున్నం మరక ఉంది.

"ఆ మాట ముందే చెప్పాల్సింది కదా సార్" అన్నాడు.

"చెప్తే తాళం తీసేవాడివా?"

నిజాయితీగా ఆలోచించాడు. అతని కళ్ళలో అది కనిపించింది.

"లేదు సార్" అన్నాడు.